చెక్కకు పట్టించిన మందు



పటిక లేని ఇల్లు మనకు అరుదు. బురద నీళ్లు తేరుకోవడానికి బిందెలో ఒక ముక్క తిప్పుతాం. గడ్డం గీసుకున్నాక చెంపలకు రాసుకుంటాం. దిష్టి తగలకుండా గుమ్మానికి కడతాం. నూరేళ్ల క్రితం నార్వేలో ఈ పటికనే తొట్లలో కాచి, దాదాపు 90 డిగ్రీల వేడి ద్రావణంలో, వెయ్యేళ్లు దాటిన చెక్కపనిని గంటల తరబడి ఉంచారు. పాడుచేద్దామని కాదు, బతికిద్దామనే. బతికింది కూడా. అయితే ఆ బతుకు ఎలాంటిదో పూర్తిగా తెలిసేసరికి ఆ పని చేసినవాళ్లెవరూ మిగల్లేదు. ఈవేళ ఆ చెక్క గురించీ, అలాంటి చెక్కకు మనుషులు పట్టిస్తూ వచ్చిన మందుల గురించీ మాట్లాడతాను.

నార్వేలో, ఓస్లో నగరానికి దక్షిణంగా వెస్ట్‌ఫోల్డ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఓసెబెర్గ్ అనే చోట పొలంలో ఉన్న ఒక మట్టిదిబ్బను 1904లో గాబ్రియేల్ గుస్తాఫ్‌సన్ అనే పురావస్తు పండితుడు తవ్వించాడు. లోపల ఏకంగా ఒక ఓడే ఉంది. వైకింగుల కాలం నాటిది. క్రీస్తుశకం 834లో ఇద్దరు స్త్రీలను అందులో పడుకోబెట్టి, ఓడతో సహా పూడ్చిపెట్టారు. వాళ్ల వెంట పంపిన సామాను సామాన్యమైనది కాదు. ఒక బండి, మంచు మీద లాక్కుపోయే నాలుగు స్లెడ్జీలు, మంచాలు, బకెట్లు, కోరలు చూపిస్తున్న జంతువుల తలలతో స్తంభాలు. వేలెడు జాగా ఖాళీ లేకుండా వాటి మీద చెక్కడమే: ఒకదాని మెడ ఒకటి పట్టుకుని మెలికలు తిరిగిన మృగాలు, వాటి మధ్యలోంచి దూరిన ఇంకో మృగం కాలు. వైకింగు కళలో ఒక శైలికి ఓసెబెర్గ్ పేరే స్థిరపడిపోయింది.

ఓడను ఓక్ చెక్కతో కట్టారు. అది గట్టిది, దానికి పెద్ద జబ్బేమీ చేయలేదు. అవిసె నూనె వంటివి పట్టించి మెల్లగా ఆరబెడితే నిలిచింది. చిక్కంతా చెక్కడపు వస్తువులతోనే వచ్చింది. వాటిలో చాలా భాగం మేపుల్, బర్చ్ లాంటి మెత్తటి చెక్క. తడి మట్టిలో ఉన్నంతకాలం చెక్కుచెదరకుండా కనిపించాయి. బయటికి తీసి గాలి తగలనిస్తే చాలు, కుంచించుకుపోయి, మెలితిరిగి, ముక్కలైపోయేవి.

ఎందుకలా? చెక్క అంటే ఏమిటో ఒక్క నిమిషం చూద్దాం. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసుకుపోయే సన్నటి గొట్టాల కట్టే చెక్క. ఆ గొట్టాల గోడల్లో దాదాపు సగం సెల్యులోజ్. చక్కెర జాతికి చెందిన గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి గుచ్చుకుని పూసల దండలా సాగితే అది సెల్యులోజ్. ఇలా చిన్న అణువులు గొలుసుకట్టుగా చేరి తయారైన దేన్నయినా పాలిమర్ అంటారు. అంటే ప్లాస్టిక్ సంచీ పాలిమరే, పత్తి పోగూ పాలిమరే, టేకు దూలమూ పాలిమరే. గోడల్లో మిగతా భాగం హెమీసెల్యులోజ్, లిగ్నిన్. లాగితే తెగకుండా సెల్యులోజ్ కాస్తుంది, నొక్కితే కుంగకుండా లిగ్నిన్ కాస్తుంది. తడిమట్టిలో వందల ఏళ్లు పడి ఉన్నప్పుడు సూక్ష్మజీవులు ముందుగా సెల్యులోజ్‌నే తింటాయి, లిగ్నిన్ వాటికి అంత తేలిగ్గా లొంగదు. తిన్నచోటల్లా నీళ్లు చేరతాయి. బాగా పాడైన చెక్కలో పొడి చెక్క బరువుకు నాలుగైదు రెట్లు నీరు ఉండటం వింత కాదు. అంటే మనం చూసే ఆకారాన్ని నిలబెట్టింది నీళ్లే. అవి ఆరిపోతూ ఆరిపోతూ తలతన్యతతో లోపలి గోడలను తమవైపు గుంజుతాయి. ఎదురు నిలిచే సెల్యులోజ్ లేదు కాబట్టి గోడలు కూలతాయి. ఒకసారి కూలాక మళ్లీ తడిపినా లేవవు.

కాబట్టి నీళ్లు పోయేలోగా ఆ జాగాలో మరొకటి పెట్టాలి. 19వ శతాబ్దం మధ్యలో డెన్మార్క్‌లో దీనికి పటిక కనిపెట్టారు. వేడి ద్రావణంలో బాగా కరుగుతుంది, చల్లారితే స్ఫటికాలై గట్టిపడుతుంది. ఆలోచన దిట్టమైనదే. ఓసెబెర్గ్ వస్తువులను ఆ వేడి ద్రావణంలో ఉంచి, ఆరబెట్టి, అవిసె నూనె పట్టించి, వందలాది ముక్కలను మేకులతో, మరలతో, జిగురుతో జోడించి, పైన వార్నిష్ పూశారు. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి చూశారు.

లోపల రెండు జరిగాయి. ఒకటి, పటిక పైపొరలోనే ఆగిపోయింది. లోపలి భాగం ఖాళీగా, గుల్లగా ఉండిపోయింది. రెండోది అంతకన్నా ఘోరం. పటికను అంత వేడిలో కాచినప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది చెక్కలోకి ఇంకి, మిగిలిన కొద్దిపాటి సెల్యులోజ్ గొలుసులను నూరేళ్లపాటు తెంపుతూ వచ్చింది. ఇప్పుడు ఆ చెక్కలో కొన్నిచోట్ల పీహెచ్ 1 దగ్గర ఉంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది; ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలని లెక్క. వార్నిష్ కింద ఉన్నది పటిక స్ఫటికాలు, నల్లబడ్డ లిగ్నిన్. సెల్యులోజ్ దాదాపు లేదు. చేత్తో తీసుకుంటే పొడిగా రాలే స్థితి. వీటి కోసమే 2014లో ఓస్లో విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ప్రత్యేక పరిశోధన మొదలైంది.

గుస్తాఫ్‌సన్‌నూ అతని సహచరులనూ తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్లు ఆ మందు వేయకపోతే ఈవేళ మనం బాధపడటానికి కూడా ఏమీ మిగిలేది కాదు. అయితే వాళ్ల అనుభవం ఒక సంగతి తేల్చింది. మనిషికిచ్చిన మందు నాలుగు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. చెక్కకు పట్టించిన మందు పోదు. చెక్కతోపాటే ఉండి, చెక్కతోపాటే ముసలిదవుతుంది. ఈరోజు ఎంత గట్టిగా పట్టిందన్నది చిన్న ప్రశ్న. వందేళ్ల తర్వాత అది ఏమై కూర్చుంటుందన్నదే అసలు ప్రశ్న. ఆ తర్వాత వచ్చిన ప్రతి మందునూ దీంతోనే తూచాలని నా అభిప్రాయం.

పటిక తర్వాత పెద్ద పేరు పాలీఇథిలీన్ గ్లైకాల్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మీకు తెలుసు. మలబద్ధకానికి నీళ్లలో కలుపుకుని తాగమని డాక్టర్లు రాసే పొడి చాలాసార్లు ఇదే. ఆయింట్‌మెంట్లలో ఉంటుంది, టూత్‌పేస్టులో ఉంటుంది. నీళ్లలో హాయిగా కరిగే మైనం అనుకోండి. దీని ప్రతాపం చూడాలంటే స్వీడన్ వెళ్లాలి.

1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో వాసా అనే యుద్ధనౌక తొలి ప్రయాణానికి బయల్దేరింది. 64 ఫిరంగులు, వందలాది చెక్క శిల్పాలు: సింహాలు, రోమన్ చక్రవర్తులు, దేవదూతలు, అన్నిటికీ రంగులు. రాజుగారి దర్పం కనబడాలని చేయించిన ఓడ. కిలోమీటరున్నర కూడా పోకుండానే ఒక గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు చొరబడి, ఊరంతా చూస్తుండగా మునిగింది. 1956లో ఆండర్స్ ఫ్రాన్‌జెన్ అనే ఆయన దాని జాడ కనిపెట్టాడు. 1961 ఏప్రిల్ 24న 32 మీటర్ల లోతు నుంచి పైకి తెచ్చారు. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, కాబట్టి చెక్కను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. అందువల్ల ఓడ దాదాపు మొత్తం దక్కింది.

1962 నుంచి 1979 దాకా, పదిహేడేళ్లు, ఆ ఓడ మీద పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం చిమ్ముతూనే ఉన్నారు. మొదట పల్చగా, పోనుపోను చిక్కగా. చెక్కలోంచి నీరు బయటికి, పాలిమర్ లోపలికి. ఈ పాలిమర్‌లో గొలుసు పొడవును బట్టి రకాలున్నాయి. పొట్టి గొలుసు రకం గొట్టం గోడలోకే దూరుతుంది, కాని గాలిలోని తేమను పీల్చి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. పొడుగు గొలుసు రకం గట్టిగా ఉంటుంది, కాని లోతుకు పోదు. రెండూ వాడి చూశారు. అయినా ఓక్ దుంగల నడిమి భాగం గట్టిగా ఉండటంతో మందు కొన్ని సెంటీమీటర్లు దాటి లోపలికి పోలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా ఆరబెట్టి, 1990లో కొత్త మ్యూజియంలో జనానికి చూపించారు.

పదేళ్లు తిరగకుండానే ఓడ ఒళ్లంతా తెల్లటి, పసుపు పచ్చటి మచ్చలు పొక్కాయి. నాకి చూసే ధైర్యం ఎవరికైనా ఉంటే పుల్లగా తగిలేవి. సంగతేమిటంటే, స్టాక్‌హోమ్ రేవులోకి శతాబ్దాలపాటు ఊరి మురుగంతా వదిలారు. ఆ మురుగు నీటిలో సూక్ష్మజీవులు గంధకపు వాయువును పుట్టించాయి, చెక్క దాన్ని పీల్చుకుంది. తుప్పుపట్టిన మేకుల ఇనుమూ చెక్కలోనే ఉంది. గాలి తగిలాక ఇనుము తోడై ఆ గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారసాగింది. ఓడలోని గంధకం మొత్తం మారితే 5,000 కిలోల దాకా సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టగలదని 2002లో నేచర్ పత్రికలో మాగ్నుస్ సాండ్‌స్ట్రోమ్ బృందం ప్రకటించింది. నిలబెట్టడానికి కొత్తగా బిగించిన ఐదు వేలకు పైగా ఇనుప బోల్టులను తర్వాత తీసేసి, తుప్పు పట్టని ఉక్కువి వేయాల్సి వచ్చింది. పాలిమర్ ఇక్కడ నేరస్థుడు కాదు, నిజమే. కాని అది తేమను పీల్చి ఉంచుతుంది, ఓడ బరువు పెంచింది, చెక్కను కొంత మెత్తబరిచింది. ఓడ ఇప్పటికీ తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతోంది. కొలతలు తీస్తూ కాపలా కాస్తున్నారు.

ఇంతవరకూ తడి చెక్క. మన దగ్గర ఉండేది చాలావరకు పొడి చెక్క. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకవైపు నుంచి మెఫిస్టోఫిలిస్, అవతలివైపు నుంచి మార్గరెట్టా కనిపించే చెక్క విగ్రహం మీలో చాలామంది చూసే ఉంటారు. వెనక అద్దం పెట్టి ఉంటుంది. ఒకే దుంగలో ఇద్దరు. అలాంటి గట్టి చెక్కకు, తేమ హెచ్చుతగ్గులు లేకుండా చూస్తే వేరే మందు అక్కర్లేదు. పుచ్చిన చెక్క, పెచ్చులూడే రంగు ఉన్న చెక్క వేరు. దాన్ని ఏదో ఒక బంకతో పట్టి నిలపాలి.

ఈ బంకల చరిత్రలో నవ్వుకోవాల్సినవీ ఉన్నాయి. సెల్యులోజ్ నైట్రేట్ అని ఒకటి. పాత సినిమా రీళ్లు దాంతోనే చేసేవాళ్లు. సెల్యులోజ్ సంతానమే అయినా దారి తప్పిన సంతానం. పసుపెక్కుతుంది, పెళుసవుతుంది, ఆమ్లం కక్కుతుంది, అగ్గి తగిలితే భగ్గుమంటుంది. దశాబ్దాలపాటు మ్యూజియాల్లో దాన్నే రాశారు. తర్వాత 1950ల చివర కరిగే నైలాన్ వచ్చింది. మెత్తగా ఉంటుంది, మెరవదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు అన్నారు. కొన్నేళ్లకు అది ఏ ద్రావకంలోనూ కరగనని మొండికేసింది. పైగా దుమ్మంతా తనమీదే పట్టించుకుంది. దాని కింద ఉన్న రంగులు దానితోపాటే పైకి లేచాయి.

ఇలాంటి దెబ్బలు తిన్నాక అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని మెలన్ సంస్థలో రాబర్ట్ ఫెల్లర్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ మందులన్నిటినీ ముందే ముసలివాటిని చేసి చూడటం మొదలుపెట్టాడు. తీవ్రమైన వెలుతురులో, వేడిలో ఉంచి, ఏది ఎంత తొందరగా రంగు మారుతుందో, ఏది కరగడం మానేస్తుందో పరీక్షించి తరగతులుగా విడగొట్టాడు. మొదటి తరగతి అంటే నూరేళ్లకు పైగా నిలిచేది. ఆ పరీక్షల్లో నెగ్గిన పేరు పారలాయిడ్ బీ-72. ఇది యాక్రిలిక్ పాలిమర్; గాజు పలుకుల్లాంటి గుళికలుగా వస్తుంది. అసిటోన్‌లోనో టొలూయిన్‌లోనో కరిగించి కుంచెతో, సిరంజితో పట్టిస్తారు. ఈవేళ ప్రపంచంలో దాదాపు ప్రతి పరిరక్షణశాల బీరువాలోనూ ఈ డబ్బా ఉంటుంది.

అయితే దీనికో గుణం ఉంది. ప్రతి ఇలాంటి పాలిమర్‌కూ ఒక హద్దు ఉష్ణోగ్రత ఉంటుంది. దాని కింద గాజులా బిగుసుకుని ఉంటుంది, పైన మెత్తబడుతుంది. బీ-72కు ఆ హద్దు 40 డిగ్రీలు. లండన్‌లోనో ఓస్లోలోనో ఆ అంకె గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం మామూలుగా రాదు. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం, రేకుల కప్పు కింద తాళం వేసిన గదిలో ఎంతుంటుందో మీకు వేరే చెప్పాలా? అక్కడ బొమ్మకు అతికిన చెయ్యి జారుతుంది, రాసిన పైపొర జిగటై దుమ్మును పట్టేసుకుంటుంది. పుస్తకంలో మొదటి తరగతి మందు, మన ఎండలో మొదటి తరగతి కాకపోవచ్చు. హద్దు 50 డిగ్రీలున్న బీ-48ఎన్ అనే సోదర రకాన్ని కలిపి వాడే కన్సర్వేటర్లు, అంటే పాత వస్తువుల పరిరక్షకులు, ఉన్నారు. 60 డిగ్రీలున్న బీ-44 కూడా ఉంది. చల్లటి దేశంలో రాసిన నిర్దేశాలను మన దగ్గర మక్కీకి మక్కీ పాటించడం నాకు మొదటినుంచీ మింగుడుపడని విషయం.

ఇంకో చిక్కుంది. బీ-72 రాస్తే రంగు ముదురుతుంది, మెరుపు వస్తుంది. పొడి పొడిగా, మెరుపు లేకుండా ఉండే పాత రంగుల మీద అది నూనె మరకలా కనిపిస్తుంది. ఇక్కడే సెల్యులోజ్ బంకలు రంగంలోకి వస్తాయి.

సెల్యులోజ్ స్వతహాగా నీళ్లలో కరగదు. కరిగితే మన పంచెలూ చీరలూ మొదటి ఉతుకుకే పోయేవి. దాని గొలుసుకు అక్కడక్కడా చిన్న చిన్న రసాయన గుంపులను తగిలిస్తే కరుగుతుంది. అలా వచ్చినవే మిథైల్ సెల్యులోజ్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్. కళ్లు పొడిబారితే వేసుకునే చుక్కల మందు సీసా మీద చదవండి, చాలాసార్లు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అని ఉంటుంది. ఐస్‌క్రీమ్ చిక్కగా ఉండటానికీ అదే వేస్తారు.

మిథైల్ సెల్యులోజ్ కలపడం చూడముచ్చటైన పని. తెల్లటి మెత్తటి పొడి. చన్నీళ్లలో వేస్తే పైన తడిసి, లోపల పొడిగా ఉండలు కట్టి విసిగిస్తుంది. అందుకని ముందు కొన్ని నీళ్లు బాగా వేడి చేసి, అందులో పొడి చల్లి కలుపుతారు. వేడినీళ్లలో అది కరగదు, తెల్లగా తేలుతూ ఉంటుంది. అప్పుడు మిగతా నీళ్లు చల్లగా పోసి కలుపుతూ పోతే, చూస్తూండగానే ఆ తెలుపంతా మాయమై గాజులా తేటపడి చిక్కబడుతుంది. మళ్లీ వేడిచేస్తే గడ్డకడుతుంది. మనకు తెలిసిన చాలా పదార్థాలు వేడికి కరిగి చల్లదనానికి గడ్డకడతాయి. దీనిది తిరకాసు వ్యవహారం.

ఇక పెచ్చు అతికించడం. రంగు పొర చిన్న గిన్నెలా పైకి లేచి ఉంటుంది. ముందు సన్నటి కుంచెతో అంచున ఒక చుక్క ఆల్కహాల్ వదులుతారు. అది చెక్కకూ పెచ్చుకూ మధ్యకు పాకి, వెనక వచ్చే బంకకు దారి చేస్తుంది. తర్వాత నూటికి ఒకటి రెండు పాళ్ల మిథైల్ సెల్యులోజ్. పెచ్చు మెత్తబడి కూర్చోగానే అంటుకోని కాగితం ఒకటి పైన వేసి, చిన్న ఇసుక సంచీ బరువు పెట్టి వదిలేస్తారు. గంటకు అరచేతి వెడల్పు పని కూడా జరగదు. ఆరిన తర్వాత మెరుపు రాదు, రంగు ముదరదు. అసలు ఎవరూ ముట్టుకోనట్టే ఉంటుంది. నీళ్లు తగిలితే కరిగిపోయే రంగులైతే? హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ ఆల్కహాల్‌లో కూడా కరుగుతుంది, నీటి బొట్టు లేకుండా పని కానిచ్చేయవచ్చు. అయితే సెల్యులోజ్ బంకలన్నీ ఒకలా ముసలివి కావు. ఫెల్లరే 1990లో వీటిని పరీక్షించి ప్రచురించాడు. మిథైల్, కార్బాక్సీమిథైల్ రకాలు బాగా నిలిచాయి, హైడ్రాక్సీప్రొపైల్ మధ్యరకం, ఇథైల్ సెల్యులోజ్ వెనకబడింది.

వీటికి బలం తక్కువ అంటారు. నిజమే. విరిగిన దూలాన్ని మిథైల్ సెల్యులోజ్‌తో అతకలేం. కాని పాత చెక్కకు తనకన్నా బలమైన బంక చెరుపే చేస్తుంది. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. బంక కదలనంటే తెగేది బంక కాదు, పక్కనున్న అసలు చెక్క. ఎపాక్సీ జిగురు పోసి రాయిలా బిగించిన పాత ద్వారబంధాలు అతుకు పక్కనే పగలడం అందుకే.

ఇప్పుడు మళ్లీ నీళ్లలోకి వెళ్దాం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఓడ మేరీ రోజ్ 1545లో మునిగింది, 1982లో పైకి వచ్చింది. దానికీ పాలీఇథిలీన్ గ్లైకాల్ చిమ్మారు, 2013లో ఆపారు. ఆ మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జారా వాల్ష్, ఓరెన్ షెర్మన్ బృందం మేరీ రోజ్ చెక్క ముక్కల మీద ఒక కొత్త మందును ప్రయత్నించి ప్రచురించింది. దాని ముడిసరుకు వింటే మనవాళ్లు చెవులు రిక్కిస్తారు. ఒకటి కైటోసాన్, రొయ్యలూ పీతల పొట్టులోంచి తీసే పాలిమర్. రెండోది గోరుచిక్కుడు గింజల బంక. భీమవరం చెరువుల దగ్గర గుట్టలుగా పోగయ్యే పొట్టూ, మన కూరల బండి మీది చిక్కుడూ! వాటి గొలుసులకు రసాయన కొక్కేలు తగిలించి, చెక్క లోపల ఒకదానికొకటి పట్టుకుని వలలా అల్లుకునేలా చేశారు. ఆ పట్టు శాశ్వతమైనది కాదు, కావాలంటే విడదీయగలిగేది. చెక్కను నిలబెట్టడం ఒక్కటే కాదు, లోపలి ఇనుమును పట్టి బంధించడం, సూక్ష్మజీవులను అడ్డుకోవడం కూడా అదే మందు చేయాలని వాళ్ల ఉద్దేశం. వాసా కథ విన్నారు కాబట్టి ఇనుము ఎందుకంత ముఖ్యమో మీకు తెలుసు.

ఓసెబెర్గ్ వాళ్లది ఇంకో దారి. తమ చెక్కలో సెల్యులోజ్ పోయింది, లిగ్నిన్ మిగిలింది. కాబట్టి లిగ్నిన్ బంధువునే లోపల పుట్టిద్దామనుకున్నారు. లవంగ నూనెలోని యూజెనాల్‌కు దగ్గరి చుట్టం ఐసోయూజెనాల్. దాన్ని చిన్న అణువులుగా ఉన్నప్పుడే చెక్కలోకి పంపి, ఒక ఎంజైమ్ సాయంతో అక్కడికక్కడే గొలుసులుగా కట్టించారు. 2017లో ఆ ఫలితం వచ్చింది. చిన్న గొలుసులే తయారయ్యాయి. ఇంకా ప్రయోగశాల దశ దాటలేదు కాని, లోపలికి దూరడానికి చిన్నగా ఉండాలి, దూరాక నిలబెట్టడానికి పెద్దగా కావాలి అన్న పాత తగువుకు ఇది తెలివైన సమాధానం. ఈలోగా ఆమ్లాన్ని విరచడానికి సున్నాన్ని పరీక్షిస్తున్నారు. తాంబూలంలో వేసుకునే ఆ సున్నమే, కాకపోతే నానో పరిమాణపు రేణువులుగా చేసి ఆల్కహాల్‌లో కలుపుతారు. ఫ్లారెన్స్‌లో కనిపెట్టిన ఈ పద్ధతిని వాసా చెక్క మీద ఇదివరకే చూశారు.

నానో సెల్యులోజ్ గురించి కూడా ఈ మధ్య వింటున్నాం. చెక్క గుజ్జును యంత్రాలతో చీల్చి చీల్చి, వెంట్రుకలో వేల వంతు సన్నటి పోగులుగా చేస్తారు. అది అచ్చంగా చెక్కలోంచే వచ్చిన పదార్థం. పోయిన సెల్యులోజ్ స్థానంలో సెల్యులోజ్‌నే పెట్టడమన్న మాట. వినడానికి ఇంపుగా ఉంది. కాని ఆ పోగులు సన్నగా ఉన్నా పొడవుగా ఉంటాయి. లోపలికి పోకుండా పైనే పొరకడతాయి. బాగా గుల్లబారిన చెక్కలో కొంత లోతుకు పోతాయి. పొట్టి స్ఫటికాల రకమైతే ఇంకాస్త నయం. ఇంకో మాట కూడా మరిచిపోకూడదు. చెక్కకు చుట్టమైన మందు చెక్క శత్రువులకు కూడా విందే. బూజుకు అది ఆహారం. మన చెదలకు చెప్పనే అక్కర్లేదు. నార్వే చలిలో బతికిన మందు కోనసీమ తేమలో ఎలా ఉంటుందో ఇక్కడే పరీక్షించాలి, అక్కడి నివేదిక చదివి తేల్చే విషయం కాదు.

ఆ మాటకొస్తే, సెల్యులోజ్ జాతి బంక మనకు కొత్త కాదు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మ చెక్కాక, చేతులూ కాళ్లూ అతకడానికి చింతగింజల పిండినీ రంపపు పొట్టునూ కలిపిన మక్కు వాడతారు. చేర్యాల నకాషీ కళాకారులు చెక్క పొట్టూ చింతగింజల ముద్దా కలిపి ముఖాల బొమ్మలు చేస్తారు. చింతగింజలోని బంక జైలోగ్లూకన్. దాని వెన్నెముక అచ్చం సెల్యులోజ్ గొలుసే, పక్కన కొమ్మల్లా వేరే చక్కెరలు ఉంటాయి. అందుకే అది సెల్యులోజ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. నేత మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి దాన్ని వాడటం కూడా ఇందువల్లే. మేరీ రోజ్ కోసం గోరుచిక్కుడును కేంబ్రిడ్జ్‌లో మలిచినట్టు, చింతగింజను మన ప్రయోగశాలల్లో ఎందుకు మలచకూడదని నాకనిపిస్తుంది. ఊడిన కొండపల్లి బొమ్మ చేతిని ఎపాక్సీతో అతికే కన్నా అదే మక్కుతో అతకడం నా దృష్టిలో ఎప్పుడూ మేలు. రేపు మళ్లీ తడిపి తీయవచ్చు, బొమ్మ పుట్టుకకు అది పరాయిదీ కాదు.

ఇదంతా విని ఇంట్లో ఉన్న పాత ద్వారబంధానికో, ఊరి గుడిలోని గరుడ వాహనానికో ఎవరూ రేపే కుంచె పట్టుకోవద్దు. ముఖ్యంగా ఉత్సవం దగ్గర పడిందని వాహనాలకు ఎనామెల్ పెయింటు కొట్టించే అలవాటు ఉంది. ఆ పెయింటు కింద ఉన్న పాత రంగు పొరలు ఇక మళ్లీ చేతికి రావు. చెక్క తేమను వదలలేక పెయింటు పెచ్చులుగా లేస్తుంది. ముందు పగటి వెలుతురులో నాలుగు వైపులా ఫోటోలు తీయించండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, తడిగుడ్డ వద్దు. వాహనాన్ని నేలకు ఆనించకుండా దిమ్మల మీద ఉంచి, గాలి ఆడే గదిలో పెట్టండి. అడుగున తాజాగా సన్నటి పొడి రాలుతోందంటే పురుగు లోపల పని చేస్తోందని అర్థం. అప్పుడు తెలిసినవాళ్లను పిలవాలి. లక్నోలో కేంద్ర ప్రభుత్వపు జాతీయ పరిరక్షణ ప్రయోగశాల ఉంది. దగ్గరలోని మ్యూజియంలో అడిగినా దారి చెబుతారు.

వచ్చిన మనిషి ఏ మందు రాశాడో, ఎన్ని పాళ్లలో, దేంట్లో కరిగించి, ఏ తేదీన రాశాడో ఒక కాగితం మీద రాయించుకుని ఆలయ రికార్డులో పెట్టండి. ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని విప్పి చూడాల్సిన కన్సర్వేటర్‌కు మొదట కావాల్సింది ఆ కాగితమే.